షేక్ అంటే ఎంతసేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున కుషాయిగూడలోని మా ఇంటి వరండాలో ఇంటర్, డిగ్రీ పిల్లలు పది పన్నెండు మంది చేరతారు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన నోరు, రిటైరైనా ఊరుకోదు. ఒక వారం చైన్ రియాక్షన్ (ఒక కేంద్రకం పగిలి పక్కవాటినీ పగలగొడుతూ పోయే గొలుసు చర్య) గురించి చెబుతూ మధ్యలో ‘షేక్’ అన్నాను. అంతే, పాఠం పక్కకు పోయి ఆ మాట మీదే ప్రశ్నలు మొదలయ్యాయి. తర్వాతి వారం వాళ్ల స్నేహితులు అడిగారు, ఆ తర్వాత వాళ్ల అమ్మానాన్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను.

షేక్ అంటే ఏమిటి మేడమ్?

కాలాన్ని కొలిచే ఒక బుల్లి ప్రమాణం. 1 షేక్ అంటే 10 నానోసెకండ్లు. సెకనును పది కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఇది అధికారిక ప్రమాణం కాదు. అణు భౌతిక శాస్త్రంలో, ముఖ్యంగా అణు విస్ఫోటనాల లెక్కల్లో తలమునకలైనవాళ్లు తమలో తాము వాడుకునే మాట. కూరగాయల బండి దగ్గర మనం ‘గుప్పెడు కరివేపాకు వెయ్యి’ అంటామే, అలాంటిది. కాకపోతే ఈ గుప్పెడు ఎవరు పట్టినా ఒకే కొలత.

మిల్క్‌షేక్‌కీ దీనికీ సంబంధం ఉందా?

మొదటి రోజే ఒకబ్బాయి అడిగాడు, అందరూ పగలబడి నవ్వారు. కానీ ఆ ప్రశ్న మరీ తీసిపారేయాల్సింది కాదు. రెండింట్లోనూ ఉన్నది ఊపడమే. ఒకచోట గ్లాసు, ఇంకోచోట గొర్రెపిల్ల తోక.

గొర్రెపిల్ల తోకా? అసలు ఆ పేరు ఎలా వచ్చింది?

మనం ‘చిటికెలో వచ్చేస్తా’, ‘రెప్పపాటులో మాయమయ్యాడు’ అంటాం. ఇంగ్లిష్ వాళ్లకు ‘గొర్రెపిల్ల తోక రెండుసార్లు ఊపేలోపు’ అని ఒక వాడుక ఉంది. గొర్రెపిల్ల తోకను టపటపా ఆడించే వేగం చూసినవాళ్లకు అందులో కొత్తేమీ ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అణుబాంబు కోసం మన్‌హటన్ ప్రాజెక్ట్ నడిపింది. న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌లో 1943 నుంచి ఆ పని సాగింది. అక్కడి శాస్త్రవేత్తలకు పొద్దున లేస్తే సెకనులో కోట్ల వంతులతోనే పని. ప్రతిసారీ ‘పది టు ది పవర్ మైనస్ ఎనిమిది సెకండ్లు’ అని ఎవరంటారు? ఆ వాడుకలోని ఊపు తీసి ‘షేక్’ అనేశారు. బయటివాళ్ల చెవిన పడినా అర్థం కాని మాట. అంత రహస్యంగా నడిచిన చోట అదీ కలిసొచ్చే గుణమే.

మనకు మాత్రం గొర్రె తోక అనగానే గుర్తొచ్చేది ‘గొర్రె తోక బెత్తెడు’ అన్న సామెత. ఎన్నాళ్లు చూసినా ఎదుగూ బొదుగూ లేనిదాన్ని అలా అంటాం. అదే తోక పేరు పెట్టుకున్న ఈ ప్రమాణం మాత్రం లోకంలో అన్నిటికన్నా దారుణంగా పెరిగేదాన్ని కొలవడానికి పుట్టింది. ఆ సంగతి కింద చెబుతాను.

పది నానోసెకండ్లే ఎందుకు? ఒకటో, వందో ఎందుకు కాకూడదు?

ఇదే అసలు ప్రశ్న. ఇది ఎవరో గాల్లోంచి తీసిన సంఖ్య కాదు. లెక్క చేసి చూపిస్తాను, ఇంటర్ పిల్లలు కూడా చేసేయొచ్చు.

యురేనియం-235 కేంద్రకం పగిలినప్పుడు రెండు మూడు న్యూట్రాన్లు బయటికి దూకుతాయి. వాటి శక్తి సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే బుల్లి ప్రమాణం). అంటే వేగం సెకనుకు సుమారు 20,000 కిలోమీటర్లు, కాంతి వేగంలో పదిహేనో వంతు. ఆ న్యూట్రాన్ ఇంకో కేంద్రకాన్ని పగలగొట్టే లోపు ఎంత దూరం పోతుంది? ఒక ఘన సెంటీమీటర్ యురేనియం లోహంలో సుమారు 48 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి. ఒక్కో కేంద్రకం ఈ వేగంలో వచ్చే న్యూట్రాన్‌కు చూపించే ‘పగిలే లక్ష్యం’ సుమారు 1.2 బార్న్‌లు. బార్న్ అంటే ఏమిటో తర్వాతి జవాబులో ఉంది. ఈ రెండింటినీ గుణించి తిరగేస్తే దాదాపు 17 సెంటీమీటర్లు వస్తుంది. 17 సెంటీమీటర్లను ఆ వేగంతో భాగిస్తే ఎనిమిదిన్నర నానోసెకండ్లు.

గుండుగుత్తగా పది అనుకోండి. అదే షేక్. ఒక తరం న్యూట్రాన్లు పుట్టి, పరుగెత్తి, తర్వాతి తరాన్ని కనడానికి పట్టే సమయం అన్నమాట. అందుకే వాళ్లకు 1 అని రాసుకునే ప్రమాణం కావాలి. బియ్యం కొలిచేవాడికి సోలా మానికా ఎంత సహజమో, తరాలు లెక్కపెట్టేవాడికి షేక్ అంత సహజం. పది తరాలంటే పది షేక్‌లు, ఎనభై తరాలంటే ఎనభై. పెన్ను తియ్యనక్కర్లేదు.

బార్న్ అంటే?

బార్న్ అంటే ఇంగ్లిష్‌లో పశువుల కొట్టం, ధాన్యం దాచే పెద్ద కొట్టు. ఫిజిక్స్‌లో అది వైశాల్యం. చదరపు సెంటీమీటర్‌ను 1 పక్కన 24 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చే ముక్క. 1942 డిసెంబర్‌లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హాలోవే, బేకర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాత్రి భోజనం చేస్తూ ఈ పేరు ఖాయం చేశారు. ముందు పెద్దవాళ్ల పేర్లు పెడదామనుకున్నారట. ఓపెన్‌హైమర్ పేరు మరీ పొడుగు. బేతే పేరు పెడితే గ్రీకు అక్షరం బీటాతో గందరగోళం. చివరికి, న్యూట్రాన్‌కు యురేనియం కేంద్రకం కొట్టం అంత పెద్దగా కనిపిస్తుంది కదా అని బార్న్ అన్నారు. కేంద్రకాన్ని పట్టుకుని కొట్టం అనడం హాస్యమే, కానీ గురిచూసి కొట్టేవాడి కళ్లతో చూస్తే నిజం.

నాకు ఈ కథలో నచ్చేది ఆ భోజనాల బల్ల. ప్రమాణాలు ప్యారిస్ దగ్గర గాజు గిన్నెల కింద దాచిన ప్లాటినం దిమ్మెల నుంచే పుట్టాయని పిల్లలు అనుకుంటారు. కొన్ని ఇలా చపాతీ తుంచుతూ పుడతాయి (వాళ్లు తిన్నది చపాతీ కాదులెండి).

ఒక్క షేక్ ఎంత చిన్నదో ఊహకు అందడం లేదు. హైదరాబాద్ లెక్కలో చెప్పండి.

ఒక్క షేక్‌లో కాంతి 3 మీటర్లు పోతుంది. మీ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు. చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. ఒక మూల నుంచి పక్క మూలకు పోవడానికి కాంతికి ఆరేడు షేక్‌లు కావాలి. చార్మినార్ నుంచి గోల్కొండ దాకా గీత గీసినట్టు చూస్తే 8 కిలోమీటర్లు, అంటే సుమారు 2,700 షేక్‌లు.

ఇక గోల్కొండ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు. గైడ్ కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది. దూరం కిలోమీటర్ దాకా ఉంటుందని గైడ్లు చెబుతారు. ధ్వని అంత దూరం పోవడానికి మూడు సెకండ్లు. అంటే 30 కోట్ల షేక్‌లు. ఆ మూడు సెకండ్లు మనం ‘వినపడిందా?’ అని మొహాలు చూసుకుంటాం.

చిటికె వేసి చూడండి. వేలు జారి అరచేతిని తాకడానికి సుమారు 7 మిల్లీసెకండ్లు, 7 లక్షల షేక్‌లు. రెప్పపాటు సెకనులో మూడో వంతు అనుకుంటే మూడు కోట్ల షేక్‌లకు పైనే. ఇంకోలా చెప్పాలంటే, మూడేళ్ల రెండు నెలల్లో ఎన్ని సెకండ్లున్నాయో ఒక్క సెకనులో అన్ని షేక్‌లున్నాయి. మన ఊరి ‘దో మినిట్, ఇప్పుడే బయల్దేరా’ ఎన్ని షేక్‌లో మాత్రం నన్ను అడగొద్దు. ఆ ప్రమాణం ఫోన్ ఎత్తినవాడు మంచం దిగాడా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది.

బాంబు పేలడానికి ఎన్ని షేక్‌లు పడుతుంది?

50 నుంచి 100 షేక్‌లు అని చెప్పుకుంటారు. 1943 ఏప్రిల్‌లో లాస్ అలమోస్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు రాబర్ట్ సెర్బర్ అనే భౌతిక శాస్త్రవేత్త పాఠాలు చెప్పాడు. అందులోనే ఈ లెక్క ఉంది: తరానికి రెట్టింపు చొప్పున పోతే ఒక కిలో యురేనియం పగలడానికి 80 తరాలు. మొత్తం 0.8 మైక్రోసెకండ్.

ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. నేను వరండాలో బోర్డు మీద చేయించే లెక్క ఇంకోటుంది. ఆ 80 షేక్‌లలో ఏ షేక్ దగ్గర ఎంత శక్తి వచ్చింది? ఒక్కో కేంద్రకం పగిలితే సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. సున్నా దగ్గర ఒకటి, ఒక షేక్ తర్వాత రెండు, ఆపైన నాలుగు, ఎనిమిది, అలా రెట్టిస్తూ పోయి, ఒక్కో మెట్టు దగ్గరా అప్పటిదాకా వచ్చినదంతా కూడాలి.

50వ షేక్ వచ్చేసరికి, అంటే సగం దాటి చాలా దూరం వచ్చాక, మొత్తం 72 కిలోజౌళ్లు. ఎంతో తెలుసా? మీ చేతిలో ఉన్న 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ ఫుల్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు అందులో ఉండేంత. మొదటిసారి ఈ జవాబు వచ్చినప్పుడు పిల్లలు లెక్క తప్పిందని చెరిపేసి మళ్లీ చేశారు. తప్పలేదు. 60వ షేక్‌కు సుమారు 20 యూనిట్ల కరెంటు, ఒక చిన్న ఇంటికి మూడు నాలుగు రోజుల బిల్లు. 70వ షేక్‌కు 18 టన్నుల టీఎన్‌టీ (పేలుడు పదార్థం) పేలినంత. 80వ షేక్‌కు 18 వేల టన్నులు.

ఫోన్ బ్యాటరీకీ నగరం బూడిద కావడానికీ మధ్య 30 షేక్‌లు. కాంతి 90 మీటర్లు పోయేంతసేపు. మొత్తం శక్తిలో 99 శాతం ఆఖరి ఏడు షేక్‌లలోనే వస్తుంది.

ఇది సరళం చేసిన లెక్కేనని గుర్తుంచుకోండి. నిజంగా కొన్ని న్యూట్రాన్లు బయటికి జారిపోతాయి, ప్రతి తరం కచ్చితంగా రెట్టింపు కాదు. పైగా లోహం వేడెక్కి విచ్చుకోగానే గొలుసు తెగిపోతుంది. ఆ తెగడం ఒక్క షేక్ ముందు జరిగినా శక్తి సగానికి పడిపోతుంది. హిరోషిమా మీద వేసిన బాంబులో సుమారు 64 కిలోల యురేనియం ఉంటే, అందులో నిజంగా పగిలింది ఒక కిలో కన్నా తక్కువ. మిగతాదంతా పగిలే అవకాశం రాకముందే చెల్లాచెదురైంది. ఆ కిలో కూడా నిండని భాగమే ఆ ఊరికి అంత పని చేసింది. ఈ లెక్క అయ్యాక వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడరు. నేనూ వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యను.

మా ఇల్లు ఈసీఐఎల్ దగ్గరే. పక్కనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది కదా, అక్కడా ఇలా షేక్‌లలో జరిగిపోతుందా?

ఇది పిల్లలు కాదు, వాళ్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, టెన్షన్‌గా. జవాబు: లేదు.

న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో మొదలైంది. అక్కడ నడిచేది కరెంటు తీసే రియాక్టర్ కాదు, ఇంధనం తయారీ. మన భారజల రియాక్టర్లకు వెళ్లే కట్టలు సహజ యురేనియంతో చేస్తారు. అందులో యురేనియం-235 వాటా 0.7 శాతమే. ఆ కట్టల్ని ఎన్ని పేర్చినా, న్యూట్రాన్లను నెమ్మదింపజేసే భారజలం లేకపోతే గొలుసు చర్య నిలబడదు. ఆ భారజలం మన మణుగూరులో తయారవుతుంది, అది వేరే కథ.

సరే, రియాక్టర్ సంగతేమిటి? అక్కడ న్యూట్రాన్ నేరుగా పోయి గుద్దుకోదు. భారజలంలో తగిలి తగిలి, అలసిపోయి, చివరికి ఒక కేంద్రకాన్ని చేరుకుంటుంది. దానికి సెకనులో వెయ్యో వంతు దాకా పడుతుంది, అంటే లక్ష షేక్‌లు. అదొక్కటే అయినా మనిషి చేతికి అందని వేగమే. కాపాడేది ఇంకోటుంది. వెయ్యి న్యూట్రాన్లలో ఆరేడు మాత్రం కేంద్రకం పగిలిన వెంటనే కాకుండా, ఆ ముక్కల్లోంచి సెకండ్ల తర్వాత, కొన్ని దాదాపు నిమిషం తర్వాత, తీరిగ్గా బయటికొస్తాయి. ఆలస్యపు న్యూట్రాన్లు అంటారు. రియాక్టర్‌ను ఆ ఆరేడింటి మీద ఆధారపడేలా నడుపుతారు కాబట్టి, కంట్రోల్ రాడ్లు కదిలించడానికి యంత్రాలకు, మనుషులకు సమయం దొరుకుతుంది. పెళ్లి బస్సు ఆలస్యంగా వచ్చే మేనమామ కోసం ఆగినట్టు, మొత్తం రియాక్టర్ ఆ కొద్దిమంది కోసం నెమ్మదిస్తుంది. రియాక్టర్ ఇంజినీర్లు షేక్ అనే మాట పెద్దగా వాడకపోవడానికి కారణం ఇదే.

షేక్‌ను కళ్లతో చూడొచ్చా?

కళ్లతో కాదు గానీ, ఆసిలోస్కోప్ (విద్యుత్ సిగ్నల్‌ను గీతగా చూపించే పరికరం) తెర మీద బాగా చూడొచ్చు. కాలేజీలో ఉండగా నేను ఏటా చేయించిన ప్రయోగం ఇది.

కోఠి గుజరాతీ గల్లీలో ఆర్‌జీ-58 కేబుల్ మీటర్ల లెక్కన అమ్ముతారు. అందులో సిగ్నల్ వేగం కాంతిలో మూడింట రెండొంతులు. అంటే 2 మీటర్ల కేబుల్ దాటడానికి సరిగ్గా ఒక షేక్. 2 మీటర్లు కోసుకుంటే మీ చేతిలో ఉన్నది ఒక షేక్ పొడవు! అణు ప్రయోగశాలల్లో ఒక సిగ్నల్‌ను కాస్త ఆలస్యం చేయాలంటే నిజంగానే ఇలా కేబుల్ చుట్టలు పెడతారు.

మేము 10 మీటర్ల చుట్ట తీసుకున్నాం. పల్స్ జనరేటర్ నుంచి 20 నానోసెకండ్ల సన్నటి పల్స్, టీ కనెక్టర్ దగ్గర ఆసిలోస్కోప్, రెండో చివర ఖాళీగా వదిలేశాం. తెర మీద ఒక గడికి 20 నానోసెకండ్లు. మొదటి బుడిపె వచ్చింది, సరిగ్గా ఐదు గళ్ల తర్వాత రెండోది. సిగ్నల్ 10 మీటర్లు పోయి, దారి లేక 10 మీటర్లు వెనక్కి వచ్చింది. పది షేక్‌లు. అప్పుడు ఒకమ్మాయి చున్నీకి ఉన్న పిన్నీసు తీసి చివర్లో లోపలి తీగనూ బయటి గొట్టాన్నీ కలిపి పట్టుకుంది. రెండో బుడిపె టక్కున తలకిందులైంది. పిన్నీసు తీస్తే నిటారుగా, పెడితే తలకిందులు. పాఠం అయిపోయినా ఆ అమ్మాయి పిన్నీసు తీస్తూ పెడుతూ ఇంకో పది నిమిషాలు అక్కడే ఉంది. చివర్లో 50 ఓమ్‌ల టెర్మినేటర్ పెట్టేసరికి రెండో బుడిపె మాయం. మింగేసింది అన్నారు పిల్లలు, నేను సరిదిద్దలేదు.

పరీక్షలో షేక్ అని రాయొచ్చా?

వద్దు. ఆ ప్రయోగం రికార్డులో ఒకబ్బాయి ‘కాలవ్యవధి = 10 షేక్‌లు’ అని రాశాడు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. తప్పు ఆయనది కాదు, షేక్ ఎస్ఐ (అంతర్జాతీయ పద్ధతి) ప్రమాణం కాదు. నానోసెకండ్లలో రాయండి. షేక్ మాటల్లో వాడండి.

ఇలాంటి చిలిపి ప్రమాణాలు ఇంకా ఉన్నాయా?

బోలెడు. లాస్ అలమోస్ వాళ్లదే ‘జెర్క్’ అని ఒకటి: 100 కోట్ల జౌళ్లు, సుమారు పావు టన్ను టీఎన్‌టీ. రియాక్టర్ వాళ్లకు ‘డాలర్’, ‘సెంట్’ ఉన్నాయి. రియాక్టర్ అదుపు అంచుకు ఎంత దగ్గరగా ఉందో వాటితో చెబుతారు. ఆ పేరు పెట్టిన లూయిస్ స్లోటిన్ 1946లో అలాంటి అంచు ప్రయోగంలోనే రేడియేషన్ తగిలి చనిపోయాడు. రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ చెప్పిన ‘జిఫీ’ అంటే కాంతి ఒక సెంటీమీటర్ పోయేంతసేపు, షేక్‌ను మూడు వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క.

మన ‘త్రుటి’ షేక్ కన్నా చిన్నదని మా తాతయ్య అంటున్నారు, నిజమేనా?

తాతయ్య గారి మాట పూర్తిగా కొట్టెయ్యక్కర్లేదు, కానీ చిన్నది మాత్రం కాదు. త్రుటికి ఒక్కో గ్రంథం ఒక్కో కొలత ఇస్తుంది. భాస్కరాచార్యుడి లెక్క పట్టుకుంటే నిమేషంలో ముప్పయ్యో వంతు తత్పర, తత్పరలో నూరో వంతు త్రుటి. రోజు నుంచి కిందికి భాగించుకుంటూ వస్తే సెకనులో 33,750వ వంతు తేలుతుంది. సుమారు 30 మైక్రోసెకండ్లు, దాదాపు 3,000 షేక్‌లు. పన్నెండో శతాబ్దంలో, కొలిచే పరికరం ఏదీ లేకుండా, అంత చిన్న ముక్కకు పేరు పెట్టుకోవడం గొప్పే. కానీ అది భాగహారంతో వచ్చిన ముక్క. షేక్ ఒక న్యూట్రాన్ పరుగుతో వచ్చిన ముక్క.

సరదాకి చెబుతున్నా: ఆ త్రుటిలో కాంతి పోయే దూరం 9 కిలోమీటర్లకు కాస్త తక్కువ. చార్మినార్‌లో బయల్దేరితే గోల్కొండ దాటి ఓ ముప్పావు కిలోమీటర్ అవతల ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు పనికొస్తుందా?

పేరు వాడరు గానీ, ఆ కాలంతో మీకు రోజూ పనే. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక షేక్‌లో 30 టిక్‌లు కొడుతుంది. ర్యామ్‌ను ఒక బైటు అడిగితే అది ఒకటి రెండు షేక్‌లైనా తీసుకుంటుంది. ‘సిస్టమ్ స్లోగా ఉంది’ అని మీరు తిట్టుకునేటప్పుడు కొంత పాపం ఆ షేక్‌లదే.

దీన్ని తెలుగులో ఏమనాలి?

ఒక ఆదివారం ఇదే పోటీ పెట్టాను. ‘ఊపు’ అన్నారొకరు. బాగుంది గానీ, ‘బాంబు 80 ఊపుల్లో పేలింది’ అంటే ఊయల గుర్తొస్తోంది. ఇంకొకరు ‘కంపం’ అన్నారు, అది భూకంపాల వాళ్ల సొత్తు. ‘తోకూపు’ అని ఒకమ్మాయి అంది, దానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. బోర్డు మీద ‘1 తోకూపు = 10 నానోసెకండ్లు’ అని రాసి, పక్కన గొర్రెపిల్ల బొమ్మ కూడా వేసింది. తోక మాత్రం బెత్తెడే వేసింది.